ముప్పై ఎనిమిదో ఊరు

జాబితా అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. రేషను కొట్టు దగ్గర, ఆసుపత్రి దగ్గర, ఎక్కడైనా సరే, గోడకు అంటించిన పట్టీలో ఎవరు ముందు ఎవరు వెనక అని జనం వేలు పెట్టి వెతుక్కుంటూ ఉంటే నేను అక్కడ నిలబడలేను. ఉద్యోగమంతా తాలూకా కచేరీల్లో గుమాస్తాగా గడిపినవాడికి ఇదేం రోగమని మా ఇంట్లో ఎగతాళి చేస్తారు. చేయనీ. ఆ రోగం ఎక్కడ అంటుకుందో వాళ్ళకు నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన మరుసటి ఏడాది సంగతి. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ వానలు మొహం చాటేశాయి. మెట్ట చేలలో వేరుశనగ వేసినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. ఊళ్ళలో తాగే నీళ్ళ బావులు ఒకటొకటిగా ఎండిపోయాయి. ఆ నేలలో బావి అడుగున బండ ఉంటుంది. బండ కింద నీళ్ళున్నా గునపంతో దిగేది కాదు. అప్పుడు జిల్లా నుంచి కబురొచ్చింది. బండలో బెజ్జాలు వేసే కంప్రెసరు ఒకటీ, మందు కూరి బండ పేల్చే ముఠా ఒకటీ మీ తాలూకాకు పంపుతున్నాం, ఏ ఊరికి ముందు పోవాలో వరుస రాసి పెట్టుకోండి అని.

బావి లోతు చేయించండని అర్జీ పెట్టుకున్న ఊళ్ళు ముప్పై ఎనిమిది. ఒక్కో బావికి వారం పది రోజులు పడుతుంది. మళ్ళీ వానలు వచ్చేలోగా ఎంత పరిగెత్తినా పది ఊళ్ళు దాటవు. మిగిలిన ఊళ్ళు ఆ ఎండాకాలం ఏం తాగుతాయో ఏ కాగితంలోనూ లేదు. పట్టీ రాసే పని నా నెత్తిన పడింది, కచేరీలో అందరికంటే చిన్నవాణ్ణి కాబట్టి.

ఆ ముప్పై ఎనిమిదిలో మా అక్క ఊరు ఒకటి.

మేము పుట్టింది పామిడి పక్కన, పెన్న ఒడ్డున. నడివేసవిలో కూడా ఇసుకలో చెలమ తీస్తే నీళ్ళు ఊరే చోటు. అక్కను ఇచ్చింది కంబదూరు వైపు ఒక మెట్ట ఊరికి. మా నాయన ఆ సంబంధం చూడబోయినప్పుడు పెళ్ళికొడుకు చేతులు చూసి, కష్టం చేసే చేతులని మెచ్చుకుని వచ్చాడు. ఊరి బావిలోకి మాత్రం తొంగి చూడలేదు. అక్క ఆ ఊళ్ళో నాలుగేళ్ళు రాయీ మట్టీ మోసి, కూలీని పెట్టకుండా, రెండంకణాల మిద్దె కట్టుకుంది. ఆ మిద్దె అంటే ఆమెకు ప్రాణం. ఎవరు పోయినా ముందు గోడలు చూపించి తర్వాత మంచినీళ్ళిచ్చేది. ఆ ఏడు గోడలు చూపించేది గానీ నీళ్ళకు మాత్రం వెనకాడేది. ఊరి బావి ఎండి, రెండున్నర మైళ్ళ దూరంలో వంకలో చెలమ తీసి, గిన్నెతో తోడుకుని, కడవలో పోసుకుని రావాలి. రోజుకు రెండు కడవలు. అందులోనే ఇంట్లో మనుషులకూ, జత ఎద్దులకూ, ఒక ఆవుకూ.

మా బావ మంచివాడు, మాట తక్కువ. ఆయన ఒకే మాట చెప్పి ఊరుకున్నాడు. ఎండలు ముదిరేలోపల ఊరి బావిలో నీళ్ళు పడకపోతే మిద్దెకు బీగమేసి తుంగభద్ర కాలవ కిందికి పోదాం అని. అక్క పోనంది. పోకుండా ఉండాలంటే ఆ కంప్రెసరు తన ఊరికి రావాలి.

ఒక సంతరోజు ఆమె కచేరీ వరండాలోకి వచ్చి నిలబడింది. నేను బయటికి పోయాను.

"ఏమిరా, బావుల పట్టీ రాసేది నువ్వేనంట గదా."

"రాసేది నేనే. ఎట్ల రాయల్లో చెప్పేది తాసిల్దారు."

"మా ఊరు యాడ వస్తాది?"

"లెక్క ప్రకారం యాడ వస్తే ఆడ."

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంట. నువ్వు పూజారివై కూచున్నావే" అని నవ్వింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, "నవ్వులాటకు కాదప్పా. మీ బావ బండి ఇరుసుకు కందెన పూసి పెట్టినాడు. మా సంసారం ఈడ ఉండేదీ పొయ్యేదీ ఆ పట్టీ మీదే ఉండాది" అంది.

సరే చూస్తాలే అని పంపించాను. లోపలికి వచ్చేసరికి పక్క మేజా గుమాస్తా చెవులు నిక్కించుకుని కూర్చున్నాడు. "ఏమప్పా, అక్కకు పుట్టింటి సారె కింద ఒగ బావి పంపుతాండావంట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట ముల్లులా లోపల దిగింది. సాయంత్రం కాఫీ అంగడిలో అదే మాట. మర్నాడు మా గుమాస్తాలందరికీ పైవాడైన శిరస్తాదారు కూడా అదే అన్నాడు, ఆయన మామూలుగా నవ్వని మనిషి. ఇంక నేను ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఊరి కాగితం మీద నా చెయ్యి ఒక వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కదలకూడదని.

ఇక పట్టీ సంగతి. మా తాసిల్దారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. "కరువు తీవ్రతను బట్టి అవరోహణ క్రమంలో పెట్టవయ్యా" అని ఒక్క మాట చెప్పి క్యాంపుకు పోయాడు. కరువు తీవ్రత అంటే దేన్ని బట్టి? అప్పట్లో దానికి ఒక కొలత ఉండేది. ఊరి లెక్కలు రాసే కరణం చేలు చూసి, పంట ఇన్ని అణాలు అని కంటి అంచనా రాసేవాడు. నిండు పంట పదహారణాలు. సగం పండితే ఎనిమిదణాలు. నాలుగణాలంటే కరువు. డబ్బుతో దానికి సంబంధం లేదు, పంటను కొలిచే తీరు అది. ముప్పై ఎనిమిది ఊళ్ళ కరణాలూ పంపిన అంకెలు నా దగ్గర ఉన్నాయి. అవరోహణ అన్నాడు కదా అని పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు దిగుతూ, రాత్రి పెళ్ళాం పిలిచినా భోజనానికి లేవకుండా రాసి, పొద్దున మేజా మీద పెట్టాను.

ఆయన చూసి కాగితం నా వైపు తోశాడు. "బాగా పండిన ఊళ్ళు మొదట, రెండణాల ఊళ్ళు చివర. పండినవాడికి బావి తవ్వుతావా? ఏం చదువుకున్నావయ్యా?"

తప్పు నాదే. దిగవలసింది కరువు. కరువు దిగుతూ పోతే పంట అంకె ఎక్కుతూ పోతుంది. అది తోచక గుడ్డిగా అంకెను పట్టుకుని దిగాను. తిరగరాసి పట్టుకుపోయాను. అప్పటికి ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. పంట కాదు, తాగే నీళ్ళు ఎంత దూరమో దాన్ని బట్టి పెట్టమన్నాడు. పెట్టాను. రెండు రోజులకు పైఅధికారిని కలిసి వచ్చి, ఇళ్ళు ఎక్కువున్న ఊరు ముందుండాలన్నాడు. అట్లా రాస్తే చెరువు కింద నాలుగు మళ్ళు పండిన పెద్ద ఊరొకటి అందరికంటే పైకొచ్చి కూర్చుంది. మళ్ళీ నన్నే తిట్టాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషైతే ఎట్లాగో వేగవచ్చు. ఈయన పూటకో కుందేలు పట్టేవాడు. నాలుగుసార్లు రాశాను. వేళ్ళకు సిరా మరకలు స్నానం చేసినా పోయేవి కావు. రాసిందంతా చించి ఆయన మొహాన కొట్టాలన్నంత కోపం వచ్చి, కొట్టలేక, ఇంటికి పోయి పెళ్ళాం మీద విసుక్కునేవాణ్ణి.

చివరికి శిరస్తాదారు కల్పించుకుని మూడు షరతులు తేల్చాడు. మొదట పంట: అణాలు తక్కువైన ఊరు పైన. అణాలు సమానమైతే నీళ్ళ దూరం ఎక్కువైన ఊరు పైన. దూరం కూడా సమానమైతే ఇళ్ళు ఎక్కువున్న ఊరు పైన. వినడానికి బాగానే ఉంది. ముప్పై ఎనిమిది ఊళ్ళను మూడు కళ్ళతో ఒకేసారి చూస్తూ పేర్చబోతే తెలుస్తుంది. ఒకదాన్ని పైకి లాగితే రెండు కింద పడేవి. ఆ రెండూ సరిచేస్తే ముందు పెట్టింది తప్పయ్యేది.

ఆదివారం కచేరీకి సెలవు. పొద్దున్నే తాళం తీయించుకుని లోపల నేల మీద కూర్చున్నాను. ఊరికో చీటీ కత్తిరించి, దాని మీద ఊరి పేరూ మూడు అంకెలూ రాసి పరిచాను. మా వైపు మాఘమాసపు గాలి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తలుపులు మూసినా సందుల్లోంచి దుమ్ము కొట్టి చీటీలన్నీ కలిసిపోయాయి. రెండోసారి పరిచి ఒక్కోదాని మీద గులకరాయి పెట్టాను. చీటీ జరపాలంటే రాయి తీయాలి, రాయి తీస్తే చీటీ ఎగరాలి. ఎండెక్కేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ.

డఫేదారు అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. డఫేదారంటే కచేరీ బంట్రోతులందరికీ పెద్ద. నడుముకు పట్టా కట్టుకుని తాసిల్దారు గది ముందు నిలబడేవాడు. తెల్లగడ్డం సాయిబు, పేకాటలో మా వీధిలో ఆయనను ఓడించినవాడు లేడు. కాసేపు చూసి లోపలికి వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"ముక్కలు పంచినాక చేతిలో ఎట్ల పెట్టుకుంటావప్పా?" అని అడిగాడు.

"పెద్దవి ఒగపక్క, చిన్నవి ఒగపక్క."

"అన్నీ ఒకేతూరి నేలకేసి పేరుస్తావా?"

"లేదు. ఒగ్గొగటే తీసి, దాని తావులో దూరుస్తా."

"మరి ఈడేంటికి అన్నిటితో కుస్తీ పడతాండావు? ఒగ్గొగటే తియ్యి. చివర నుంచి చూసుకుంటా వచ్చి దాని తావులో దూర్చు. తక్కినవాటి జోలికి పోవద్దు."

"అంకె ఒగటైతే సరే. మూడుండాయే."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "మూడూ ఒకేతూరి చూస్తే తల తిరగతాది. ఆఖరు షరతు ముందర పేర్చు. ఇండ్లు ఎక్కువుండేది పైన. అది అయినాక దూరంతో పేర్చు. దూరం సమానమొస్తే ఇప్పుడుండే వరస చెరపాకు. ఆఖర్న అణాలతో పేర్చు. అణాలు సమానమొస్తే అప్పుడూ చెరపాకు. చూడు, దానంతట అదే వస్తాది."

నమ్మకం లేకుండానే మొదలుపెట్టాను. చీటీలను పేకముక్కల్లా ఎడమచేతిలో పట్టుకుని, ఒక్కొక్కటే దాని చోట దూర్చుకుంటూ పోయాను. ఇళ్ళతో ఒకసారి. దూరంతో ఒకసారి. మూడోసారి అణాలతో పేరుస్తూ ఉంటే, రెండణాల ఊళ్ళలో దూరం ఎక్కువైనవి వాటంతట అవే ముందు నిలబడ్డాయి. నాలుగు రోజులుగా నన్ను కాల్చుకు తిన్న పని గంటలో అయిపోయింది. ఆ నెలంతటిలో నేను సంతోషంగా ఉన్న గంట అదొక్కటే. ఆ వరుస పెట్టే పద్ధతి నాకు ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పనికొచ్చింది.

ఒట్టు పెట్టుకున్నాక అక్క ఊరి అంకెలను గుడ్డిగా ఎత్తి రాయడమే గానీ ఆగి చూడలేదు. మూడోసారి అణాలతో పేరుస్తూ ఆ చీటీ పట్టుకున్నప్పుడు చూశాను. పంట పన్నెండు. నీళ్ళ దూరం రెండున్నర మైళ్ళు.

పన్నెండు. మిగతా చీటీల్లో రెండు, మూడు, నాలుగు, అయిదు. చెరువు కింది ఊళ్ళకు మాత్రం ఎనిమిది. అక్కడ వానా లేదు, చెరువూ లేదు, మరి ముప్పాతిక వంతు పంట ఎక్కడి నుంచి వచ్చింది? దసరాకు నేనే ఆ ఊరు పోయాను. బావ చేనులో వేరుశనగ కట్టె పీకితే వేళ్ళకు గింజ లేని తప్పకాయలు నాలుగు తప్ప ఏమీ లేవు. నా కళ్ళతో చూశాను.

డఫేదారు కూడా చీటీ వైపు వంగి చూశాడు. "ఈ ఊళ్ళో పన్నెండణాల పంటా? నమ్మేట్టు లేదే. కరణాన్ని అడిగిస్తే పోలా?"

"కాగితంలో ఏముంటే అదే" అన్నాను.

"మొన్న ఇంకో ఊరికి అడిగిస్తివి గదా."

అడిగించిన మాట నిజం. మూడు రోజుల ముందు ఒక ఊరి అంకె పద్నాలుగని కనిపిస్తే, ఈ కరువులో ఇదేమిటని తలారిని సైకిలు మీద పంపించాను. నాలుగుకు ముందు కలం జారి గీత పడిందని తేలింది. దిద్దుకున్నాను. అది అడగడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆ ఊళ్ళో నాకు ఎవరూ లేరు మరి.

"ఇది మా అక్క ఊరు సాయిబూ. నేనడిగిస్తే అక్క కోసం అడిగించినాడంటారు. కరణం ఏం రాసింటే అదే రాస్తా" అన్నాను. ఆయన నా మొహం ఒకసారి చూసి, మళ్ళీ అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. నేను ఆ చీటీని అన్నిటికీ చివర పెట్టాను. ముప్పై ఎనిమిదోది. పెట్టినప్పుడు నాకు బాధ కలగలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. బరువు దిగినట్టనిపించింది. సోమవారం పక్క మేజా గుమాస్తాకు ఆ పట్టీ చూపించాలని ఉవ్విళ్ళూరాను. చూపించాను కూడా. వాడు చివరిదాకా చదివి, "నీయట్ల తమ్ముడు పగోడికి గూడా వద్దప్పా" అన్నాడు. దాన్ని కూడా మెప్పు కిందనే తీసుకున్నాను.

పట్టీ జిల్లాకు పోయింది, సంతకమై తిరిగొచ్చింది, నోటీసు బోర్డు ఎక్కింది. కంప్రెసరు లారీ మీద దిగింది. మొదటి ఊళ్ళో బండ పేలిన చప్పుడు మాకు కచేరీలో కూడా వినిపించింది.

ముఠా మూడో ఊళ్ళో ఉండగా బావ వచ్చాడు. బోర్డు ముందు నిలబడి అందరినీ తోసుకోకుండా, పై నుంచి కిందిదాకా చదివాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి, "పన్నెండణాలంట గదా మా పంట" అన్నాడు.

"కరణం అట్ల రాసినాడు బావా."

"నువ్వు చూసినావు గదా మా చేను."

ఆయన గొంతు పెంచలేదు. తిరిగి తన ఊరు పోయి, మూడో రోజుకు కరణాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కరణం నాకంటే చిన్నవాడు, కొత్తగా పనిలోకి వచ్చినవాడు. బెదురుతూ మేజా దగ్గర నిలబడి సంచిలోంచి ఒక కాగితం తీశాడు.

"పన్నెండణాలు కాదు సార్. పన్నెండు పైసలు. పంట అంచనా ఇంగమీదట అణాల్లో కాదు, కొత్త లెక్కలో నూటికిన్ని పైసలని రాయమని తాకీదు మీరే పంపినారు గదా."

తాకీదు అందుకున్నాను. నా దస్తూరే. ఆర్నెల్ల కింద జిల్లా నుంచి వచ్చిన ఉత్తర్వును ముప్పై ఎనిమిదికే కాదు, తాలూకాలో ఉన్న అన్ని ఊళ్ళకూ నేనే ఎత్తి రాసి పంపాను. పంపి మరిచిపోయాను. ముసలి కరణాలందరూ దాన్ని మడిచి చూరులో దోపి, తాతల నాటి అణాల్లోనే రాసి పంపారు. చెప్పినమాట విన్నవాడు ఈ ఒక్కడే. అంకె పక్కన అణాలని గానీ పైసలని గానీ రాయడానికి మా పట్టీలో చోటు లేదు. చోటు పెట్టాలని నాకూ తోచలేదు.

పన్నెండు పైసలంటే రెండణాలని అప్పటికి బస్సు ఎక్కే ప్రతివాడికీ తెలుసు. రెండణాల ఊళ్ళు మూడున్నాయి. వాటన్నిటికంటే నీళ్ళ దూరం ఎక్కువైనది అక్క ఊరే. చీటీలు మళ్ళీ పేర్చే పని కూడా లేదు. అది మొదటి ఊరు. కంప్రెసరు లారీ దిగి తిన్నగా పోవలసిన ఊరు.

కాగితం పట్టుకుని తాసిల్దారు గదిలోకి పోయాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, "చివరి ఊరిని మొదటికి తెమ్మంటావు. పైన సంతకమైపోయాక. ఆ ఊళ్ళో నీకెవరున్నారు?" అని అడిగాడు.

"మా అక్క ఉంది సార్."

ఆయన కళ్ళజోడు తీసి మేజా మీద పెట్టాడు. "నిన్ను నమ్ముతాను. మిగతా ముప్పై ఏడు ఊళ్ళవాళ్ళు నమ్ముతారా? నీ ఉద్యోగం పోతుంది, నా మీద విచారణ వస్తుంది. పొరపాటు జరిగిందని జిల్లాకు రాయి. వాళ్ళు మార్చమంటే మారుద్దాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాశాను. ఆ పూటే రాసి, డఫేదారు చేత తపాలాలో వేయించాను. జవాబు కోసం రోజూ తపాలా సంచి నేనే విప్పేవాణ్ణి. వారానికోసారి జ్ఞాపకం చేస్తూ ఇంకో కాగితం. ఉగాది పోయింది. ముఠా ఆరో ఊరికి పోయింది, ఏడో ఊరికి పోయింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు. తాకీదు దాచుకున్న ముసలి కరణాల మీదా, దాన్ని పాటించిన పిల్ల కరణం మీదా, పూటకో షరతు పెట్టిన తాసిల్దారు మీదా అందరి మీదా పళ్ళు నూరాను. అందరూ అయ్యాక మిగిలేది నేనే. అక్కడ ఆగలేక మళ్ళీ మొదటి నుంచి తిట్టుకునేవాణ్ణి. జవాబు చివరికి వచ్చింది. వచ్చే ఏటి పట్టీలో గమనించవలెను అని ఒక్క వాక్యం.

అది వచ్చేసరికి అక్కవాళ్ళు ఊరు విడిచి పదిరోజులైంది.

వాళ్ళు పోయిన రోజు బండి కచేరీ వీధిలోంచే పోయింది. దారి అటే మరి. బండిలో గింజల మూట, కడవలు, వాకిలి నుంచి ఊడదీసిన తలుపు. ఆవు వెనక కట్టేసి ఉంది. ఎద్దుల డొక్కలు లెక్కపెట్టవచ్చు. బావ ఎద్దులను ఆపి వేపచెట్టు నీడకు తోలాడు. అక్క దిగి వరండా దాకా వచ్చింది. రావలసిన అవసరం లేదు, అయినా వచ్చింది.

"మీ బావ ఏందేందో చెప్పినాడు. అణాలంటాడు, పైసలంటాడు, నాకేం తెలీలా. నువ్వు చెప్పురా. ఎట్ల జరిగె?"

చెప్పాను. ఏదీ దాచలేదు. పక్క మేజావాడు సారె అని ఎగతాళి చేసింది, పద్నాలుగు అంకెకు తలారిని పంపింది, పన్నెండు చూసి డఫేదారు అడిగించమన్నది, నేను కాదన్నది. నిన్ను పైన పెడితే నలుగురూ ఏమంటారోనని భయపడ్డానక్కా అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. మెల్లగా అంది.

"నన్ను పైన పెట్టమని ఎవురు అడిగినారురా? పరాయి ఊరికి తలారిని పంపితివే, మా ఊరికీ అట్లే పంపింటే సాలు. పరాయోళ్ళను చూసినట్ల చూసింటే నా ఇల్లు నాకుండేది."

అని బండెక్కింది. నేను వెనకాల నాలుగడుగులు పోయి ఆగిపోయాను.

మరుసటి ఏడు ముఠా ఆ ఊరికి పోయింది. బండ కింద నీళ్ళు పడ్డాయి. అప్పటికి అక్కవాళ్ళు కాలవ కింద గుత్తకు భూమి తీసుకుని నాట్లు వేస్తున్నారు. అక్కడ వాళ్ళు బాగానే బతికారు. పిల్లల పెళ్ళిళ్ళకు నన్ను పిలిచింది, పోయాను. పోయినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని వడ్డించింది. కోపం పెట్టుకునే మనిషి కాదు. కానీ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నన్ను ఏ సాయమూ అడగలేదు. వాళ్ళ భూమి పట్టాకు ఇక్కట్లు వచ్చి, కచేరీల చుట్టూ రెండేళ్ళు తిరిగారని నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. అప్పటికి నేను శిరస్తాదారునయ్యాను, ఆ పని నాకు ఒక పూట పని. బస్సెక్కి పోయి, నాకొక మాట చెప్పకూడదా అక్కా అని అడిగాను. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ తలెత్తకుండా అంది.

"నీకేంటికిలేరా. మళ్ళా నలుగురూ ఏమన్నా అంటారు."